బండిపై పోవు పడవకు కావలి

గోదావరి లంకలలో సేద్యము చేయు రైతునకు పడవ కాడియెడ్లవంటిది. అరటిగెలలు, కూరగాయలు ఒడ్డు చేరుట దానిమీదనే. 2022 జూలై వరదలలో దాని విలువ మరల నెల్లరకును తెలిసివచ్చినది. నీటిపై నున్నంతకాలము పడవను కంటికి ఱెప్పవలె కాచుకొందుము. బాగుసేతకో, వేఱు రేవునకో ట్రాక్టరు ట్రాలీపై తరలించునపుడు మాత్రము మోకుతో కట్టి నిశ్చింతగా నుందుము. మోకు పడవను జాఱకుండ నాపును గాని దొంగను ఆపదు.

కావున సభ్యులకు మేము విన్నవించున దేమనగా, మొదట మోటారును విప్పవలెను. చిన్న మోటారు వెనుకపలకకు రెండు మరలతో బిగింపబడి యుండును. వానిని ఎవడైనను చేతితో విప్పగలడు. దానిని మన మనిషి చెంతనే యుంచవలెను. పిమ్మట ఇనుపగొలుసును పడవ కడియములో దూర్చి, ట్రాలీ చట్రమునకు చుట్టి తాళము వేయవలెను. ట్రాలీని విడిచి ట్రాక్టరు పోవలసివచ్చినచో చక్రమునకును, తగిలించు కొక్కెమునకును తాళ ముండవలెను. లేనిచో మఱియొక ట్రాక్టరు వచ్చి పడవతోకూడ లాగికొనిపోవును. రాత్రి మజిలీ తప్పనిచో తెలిసినవారి వాకిట నిలిపి, ఒకరు మేలుకొని యుండవలెను.

మోటారు సంఖ్యను వ్రాసికొని, పడవ ఛాయాచిత్రములను ఇంట నుంచుడు. 2021లో చేయబడిన ఇన్లాండు వెసల్సు చట్టము ప్రకారము యంత్రపు పడవలకు రిజిస్ట్రేషను విధి. పడవ పోయినపుడు పోలీసుస్టేషనులో ఆ పత్రము మనకు సాక్ష్యము.

ఇద్దరు ముగ్గురు సభ్యులు తమ పడవలను ఒక్కమారే తరలించినచో కావలి ఖర్చును పంచుకొనవచ్చును. కోతకాలమున పడవ పోయినచో గెలలు లంకలోనే మాగిపోవును. సంఘపు అప్పు మాత్రము వడ్డీతో పెరుగును.