పరదేశములో ఇల్లు కొనుట, అద్దెకిచ్చుట



మా బిజినేపల్లి నాగర్‌కర్నూలునకును మహబూబ్‌నగరునకును నడుమ బాటమీది యూరు. ఈ పాలమూరు సీమలో దూరదేశమునకు పోవుట యన్న ఒకప్పుడు మేస్త్రీ వెంట ఆనకట్ట పనికి, కాలువ పనికి పోవుటయే. దేశములోని అనేక ప్రాజెక్టుల మట్టికట్టలలో పాలమూరు కూలీల చెమట కలదు. ముందుగా అప్పు తీసికొని పోయి, ఆ యప్పు తీరిన చాలునని మరలి వచ్చుట వారి వాడుక. నేడు అట్టి యిండ్లలోని మనుమలు కొందరు అమెరికాలో కంప్యూటరు కొలువులు చేయుచున్నారు. కొలువు కుదిరిన నాలుగేండ్లకు, "ఇక్కడ ఇల్లు కొందును, పైకము పంపుడు" అని తండ్రులకు ఫోను చేయుచున్నారు. ఈనాటి నా ప్రసంగము ఆ ఫోనును గూర్చియే.

మొన్నటి వేసవిలో మా యూరి రైతొకరు, నాకంటె నాలుగేండ్లు పెద్ద, కొడుకు పంపిన కాగితములను అచ్చు వేయించి నా యింటికి తెచ్చెను. "సారూ, పిల్లవాడు డాలస్ నగరములో ఇల్లు చూచినాడట. నాలుగెకరములు అమ్మి పంపుమనుచున్నాడు. పత్రములో నా పేరును చేర్చునట. అద్దెకిచ్చిన నెలనెల రాబడి యుండునట. మీరేమందురు?" అని యడిగెను. కల్వకుర్తి ఎత్తిపోతల నీరు మన ప్రాంతమునకు వచ్చిన తరువాత భూమి ధర పెరిగినది. అమ్ముట సులువు, మరల కొనుట కాదు. కనుక నేను వెంటనే ఔననలేదు, కాదనలేదు. "అన్నా, ముందు కాగితము చదువుదము" అంటిని.

మన చెలక సంగతి వేరు. తూర్పున వాగు, పడమట పాలివాని గట్టు, ఉత్తరమున బండ్లబాట అని హద్దులు పిల్లలకును తెలియును. కచేరీ పుస్తకములో పేరు తారుమారైనను ఊరు సాక్ష్యము చెప్పును. 2020లో ధరణి వచ్చినప్పుడు ఎందరి పేర్లు తప్పిపోయెనో, ఎందరు కచేరీల చుట్టు తిరిగిరో మీ రెరుగుదురు. ఐనను పొలములో నాగలి వారిదిగనే యుండెను. పరదేశములోని ఇంటికి అట్టి సాక్ష్యము లేదు. అక్కడ మన హక్కు కాగితములోనే యుండును. ఆ కాగితమును నిలుపునది, తీసివేయునది ఆ దేశపు శాసనము. మనము ఓటు వేయని సభలో, మనమెరుగని భాషలో ఆ శాసనము పుట్టుచుండును.

ఇది తెలుగువారికి క్రొత్త పాఠము కాదు. గోదావరి, విశాఖ మండలములనుండి వేలమంది రంగూనుకు ఓడలెక్కి పోయి, రేవులలో, మిల్లులలో పాటుపడి, కొందరు అంగళ్లును ఇండ్లును సంపాదించుకొనిరి. 1962లో అచ్చట సైనిక ప్రభుత్వము వచ్చినది. 1964 నాటికి వ్యాపారములను ప్రభుత్వపరము చేసిరి. లక్షలాది భారతీయులు చేతిసంచులతో మరలి వచ్చిరి. విశాఖపట్నములోని బర్మా క్యాంపు అను పేట వారి గురుతే. 1987లో ఆ దేశము పరదేశీయులకు స్థిరాస్తి అమ్ముటనే నిషేధించినది. ఫిజీ దీవులకు 1903 మొదలు మద్రాసు రేవునుండి ఒప్పందపు కూలీలుగా పోయిన తెలుగువారి కథ మరియొక తీరు. అక్కడి భూమిలో అధికభాగము ఆదివాసుల కుదుళ్లది. మనవారికి దొరికినది కౌలు మాత్రమే. 1976 నాటి శాసనము ముప్పదియేండ్ల కౌలునకు వీలు కల్పించెను. 1997 మొదలు గడువులు తీరసాగెను; పునరుద్ధరణ కానిచోట్ల చెరకు తోటలు పెంచిన కుటుంబములు, తాము కట్టుకొన్న ఇండ్లు విడిచి లేవవలసి వచ్చెను. ఇల్లు తనది, నేల పరులది.

అమెరికాలోనే కాలిఫోర్నియా రాష్ట్రము 1913లో, పౌరసత్వమునకు అర్హులు కాని పరదేశీయులు సాగుభూమి కొనరాదని శాసించెను. 1923లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము భారతీయుల కట్టి అర్హత లేదని తీర్పు చెప్పగా మన పంజాబు రైతులును ఆ వలలో పడిరి. కొందరు తెల్లవారైన స్నేహితుల పేర, కొందరు అక్కడ పుట్టిన బిడ్డల పేర భూమి నిలుపుకొనిరి. ఆ శాసనము చెల్లదని తీర్పు వచ్చుటకు 1952 వరకు పట్టెను.

ఇవి గతించిన సంగతులని త్రోసివేయరాదు. కెనడా 2023 జనవరి 1 మొదలు పరదేశీయులు నివాసగృహములు కొనుటను నిలిపివేసి, ఆ గడువును 2027 జనవరి 1 వరకు పొడిగించినది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిలు 1 మొదలు రెండేండ్లు, ముందే కట్టియున్న ఇండ్లను పరదేశీయులు కొనరాదన్నది. న్యూజీలాండు 2018లోనే తలుపు చాలవరకు మూసినది. మన రైతు కుమారుడున్న టెక్సాసు సైతము 2025లో ఒక శాసనము చేసినది. అది చీనా, ఇరాను, ఉత్తర కొరియా, రష్యా దేశములవారిని గూర్చినది, మనవారికి తగులదు. కనుక కొనుటకు అడ్డు లేదు. ఈ మొదటి ప్రశ్న అంతటితో తీరినది.

రెండవది పైకము. మన రిజర్వు బ్యాంకు 2004లో పెట్టిన ఏర్పాటు ప్రకారము, దేశములో నివసించు ప్రతి వ్యక్తియు ఏప్రిలు మొదలు మార్చి వరకు గల ఏటిలో 2,50,000 డాలర్ల వరకు పరదేశమునకు పంపవచ్చును. ఇల్లు కొనుటకును, కొడుకునకు కానుకగాను పంపవచ్చును. అధీకృత బ్యాంకు ద్వారా, పాన్ సంఖ్యతో పంపవలెను. ఇట్టి పనికి బ్యాంకు అప్పు ఇయ్యరాదను నియమమును కలదు. పది లక్షల రూపాయలకు మించిన భాగముపై నూటికి ఇరువది చొప్పున బ్యాంకు ముందుగనే పట్టుకొని ప్రభుత్వమునకు కట్టును. అనగా ఏబది లక్షలు పంపదలచిన, నలువది లక్షలమీద ఎనిమిది లక్షలు. చేతిలో ఏబదియెనిమిది లక్షలుండవలెను. ఈ ఎనిమిది లక్షలు పోవు సొమ్ము కాదు. ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేసిన తిరిగి వచ్చును. వ్యవసాయదారునకు పన్ను లేదుగదా యని లెక్కయే దాఖలు చేయనివానికి రాదు. రైతు ఈ మాట విని, "ఇది పిల్లవాడు చెప్పలేదే" అనెను. పిల్లవాడు ఎరిగియుండడు.

ఇక మూడవ ప్రశ్న, పేరు. దీనిమీదనే నేను ఎక్కువసేపు కూర్చుంటిని. కొడుకు తండ్రి పేరును పత్రములో చేర్చుట గౌరవము కొరకే, సందేహము లేదు. కాని ఆ పేరు వెంట నాలుగు భారములు వచ్చును.

మొదటిది మన దేశములోనే. ఇక్కడ నివసించువాడు పరదేశములోని ఆస్తిని తన పన్ను లెక్కలో ప్రత్యేకమైన పట్టికలో చూపవలెను. పన్ను కట్టదగిన ఆదాయము లేకున్నను చూపవలెను. దాచిన, 2015 నాటి నల్లధనపు శాసనము క్రింద పది లక్షల రూపాయల జరిమానా కలదు. 2024 అక్టోబరు మొదలు ఇరువది లక్షల లోపు చిన్న ఆస్తులకు సడలింపు ఇచ్చిరి గాని, స్థిరాస్తికి ఆ సడలింపు లేదు. తెలియక చూపలేదనిన మాట చెల్లునని తలపకుడు.

రెండవది అద్దె. అమెరికా నివాసి కాని యజమానికి చేరు అద్దెలో, ఖర్చులు తీయకమునుపే, నూటికి ముప్పది పన్నుగా పట్టవలెనని అక్కడి నియమము. ఖర్చులు తీసి మిగిలినదానిపైనే పన్ను కట్టుదునని ముందుగా కోరుకొనవచ్చును. దానికి ఆ దేశపు పన్ను సంఖ్య, ఏటేట లెక్క కావలెను. ఇంగ్లండులోను ఇట్టిదే: యజమాని పరదేశమందున్న, ఏజెంటు గాని అద్దెవాడు గాని పన్ను పట్టి సర్కారుకు కట్టవలెను. మూడవది అమ్మకము. 1980 నాటి శాసనము ప్రకారము అమెరికాలో పరదేశీయుడు ఇల్లు అమ్మిన, కొనువాడు సాధారణముగా ధరలో నూటికి పదునైదు పట్టి ఉంచవలెను. లాభము మీద కాదు, ధరమీద.

నాలుగవది మరణము. అశుభము పలుకుచున్నానని తలపకుడు. డెబ్బది దాటినవారము, మాటాడుకొనవలసిన విషయమే. మన దేశములో చనిపోయినవాని ఆస్తిపై పన్ను 1985లో తీసివేసిరి. అమెరికాలో అది యున్నది. అక్కడి పౌరునకు, స్థిరనివాసికి కోటి డాలర్లకు పైబడిన మినహాయింపు కలదు. అక్కడ నివసించని పరదేశీయునకు 60,000 డాలర్లు మాత్రమే. అంతకు మించిన విలువపై పన్ను నూటికి నలువది వరకు పోవును. నాలుగు లక్షల డాలర్ల ఇంటిలో తండ్రికి సగము వాటా యున్నదనుకొనుడు. ఆ తండ్రి బిజినేపల్లిలో కన్నుమూసిన, కొడుకు కర్మకాండ ముగించుకొని పోయి, తన తండ్రి వాటాకు తాను పన్ను లెక్క దాఖలు చేసికొని, అక్కడి న్యాయస్థానములో వారసత్వము తేల్చుకొనవలసి రావచ్చును. ఇంతయు ఒక పేరు చేర్చిన ఫలము. పైకము కానుకగా ఇచ్చి పేరు చేర్చకున్న ఈ చిక్కులేవియు లేవు. కొడుకునకు మన దేశములో దానిపై పన్ను లేదు. అమెరికాలో, ఏడాదిలో లక్ష డాలర్లు మించిన కానుక పరదేశమునుండి వచ్చినదని ఒక పత్రము దాఖలు చేసిన చాలును. దాఖలు చేయకున్న జరిమానా కలదు.

అద్దె రాబడి యెంత? లెక్క కొరకు నాలుగు లక్షల డాలర్ల ఇల్లు, నెలకు 2,400 డాలర్ల అద్దె అనుకొందము. ఏటికి 28,800. టెక్సాసులో రాష్ట్రపు ఆదాయపు పన్ను లేదు, కనుక బడులకు, స్థానిక ప్రభుత్వములకు కావలసినది ఇంటిపన్నుగా లాగుదురు. సొంతముగా కాపురమున్నవానికి గల తగ్గింపు అద్దెకిచ్చిన పోవును. ఇంటిపన్ను 8,000, వడగండ్ల దేశము కనుక భీమా 3,000, పేట సంఘపు చందా 600, మరమ్మతులకు 4,000, ఏజెంటునకు 2,200, ఒక నెల ఖాళీగా నున్న 2,400: మొత్తము 20,200. మిగిలినది 8,600. మూడు లక్షల డాలర్ల అప్పుపై నూటికి ఆరున్నర వడ్డీయే 19,500 అగును. ఇంక ఏటికి 10,900 డాలర్లు చేతినుండి పెట్టవలెను. ఊహించిన అంకెలే యైనను, మీ కొడుకు పంపిన అంకెలను ఈ తీరుననే వరుసగా పెట్టి చూడుడు. రైతు దీనిని విని చాలసేపు పలుకలేదు.

"వాడు అందులోనే కాపురముండునుగదా, అద్దె మాట యెందుకు?" అని పిదప అడిగెను. మంచి ప్రశ్న. కొలువు మీద వచ్చిన వీసా కలవాడు కొలువు పోయినచో అరువది దినములలోపల వేరొక కొలువు గాని, వేరు దారి గాని చూచుకొనవలెను. లేనిచో దేశము విడువవలెను. ఇల్లు మాత్రము అక్కడనే యుండును. అట్లు తలవనితలంపుగా అద్దె యజమాని యగుట కలదు. అతడు మరలి వచ్చినను, అక్కడ నివసించినప్పుడు కొన్న ఆస్తిని ఉంచుకొనుటకు మన 1999 నాటి విదేశీ మారకపు శాసనము అనుమతించుచున్నది. కాని ఇక్కడి నివాసి యైన పిదప ఆ యద్దెను ఇక్కడి లెక్కలోను చూపవలెను. మరమ్మతుల పేర నూటికి ముప్పది తగ్గింపు కలదు. అక్కడ కట్టిన పన్నును రెండు దేశముల ఒడంబడికచే ఇక్కడి పన్నులో తగ్గించుకొనవచ్చును.

అద్దెవానితో వ్యవహారము మన కౌలుదారు వ్యవహారమువంటిదే యనుకొనవచ్చును. 1950 నాటి హైదరాబాదు కౌలుదారి శాసనము వచ్చిన పిదప రక్షిత కౌలుదారుని లేపుట యెట్టిదో ఈ తెలంగాణములో తెలియనివారు లేరు. అక్కడ అట్లు భూమి పోదు గాని, అద్దె కట్టనివాని సామాను యజమాని తానే బయట వేయరాదు. నోటీసు, న్యాయస్థానము, ఉత్తరువు, అటుపిమ్మట అధికారి వచ్చి ఖాళీ చేయించుట. బయానాగా ఉంచుకొన్న సొమ్మును టెక్సాసులో ఖాళీ చేసిన ముప్పది దినములలో, తగ్గింపుల జాబితాతో, తిరిగి ఈయవలెను. మరియొకటి: మన పెద్దలు "మనవారికే ఇమ్ము, వేరు మతస్థులకు వలదు" అని సలహా చెప్పుదురు. 1968 నాటి శాసనము ప్రకారము జాతి, మతము, పుట్టిన దేశము చూచి ఇల్లు నిరాకరింతునని ప్రకటించుటయే తప్పు. ఆ సలహాను ఫోనులో చెప్పకుండుటయే మేలు.

మా రైతు ఈ ప్రశ్నలన్నియు కాగితముమీద వ్రాయించుకొని పోయి, కొడుకునకు చదివి వినిపించెను. వారము తరువాత జవాబు వచ్చినది: ఇంటి లెక్కలో భీమాను, పేట చందాను పిల్లవాడు మరచియుండెను. తక్కువ ధర ఇల్లు మరియొకటి చూచిరి. తండ్రి రెండెకరములే అమ్మి, బ్యాంకు ద్వారా కానుకగా పంపెను. పత్రములో కొడుకు పేరు మాత్రమే యున్నది. బ్యాంకువారు పట్టుకొన్న పన్ను రసీదును పట్టాదారు పాసుపుస్తకములో మడిచి పెట్టి, లెక్క దాఖలు చేయు మాసము వచ్చినంతనే నన్ను నాగర్‌కర్నూలునకు తోడు రమ్మని చెప్పి పోయినాడు.