తెల్ల విమానం, నల్ల విమానం

వాషింగ్టన్ దగ్గర డల్లెస్ విమానాశ్రయం పక్కనే స్మిత్సోనియన్ వారి ఉద్వర్-హాజీ మ్యూజియం ఉంది. 2003 డిసెంబరులో తెరిచారు. లోపల విమానాలు ఎన్నో! అన్నీ చూడబోతే ఏదీ గుర్తుండదు. అందుకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లమంటాను: ఈ యంత్రం వేడిని ఎలా తట్టుకుంది? జవాబు చాలావరకు ఒంటి రంగులోనే ఉంది.

ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ తెల్లగా ఉంటుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో పోతుంటే ఎదురుగాలి నొక్కుకుపోయి కాగుతుంది. ముక్కు దగ్గర 120 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం ఒంటికి అది దాదాపు హద్దు. పైనుంచి ఎండ కూడా తోడైతే కష్టం కాబట్టి ఎండను తిప్పికొట్టే తెలుపు వేశారు.

అదే కప్పు కింద ఎస్‌ఆర్-71 గూఢచారి విమానం కారునలుపు. దాని వేగం ధ్వనికి మూడు రెట్లు పైనే. అంత వేడికి అల్యూమినియం మెత్తబడుతుంది కనుక టైటానియంతో చేశారు. ఇక్కడ ఎండ లెక్కలోకి రాదు, ఒంట్లో పుట్టిన వేడిని బయటికి వదిలించుకోవడమే సమస్య. ఆ పని నలుపు బాగా చేస్తుంది. ఈ విమానమే 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల్లో వచ్చింది.

దాని వెనక హాలులో డిస్కవరీ స్పేస్ షటిల్. 39 సార్లు అంతరిక్షానికి వెళ్లివచ్చింది. దీనికి రెండు రంగులూ ఉన్నాయి. పైభాగం తెలుపు, కక్ష్యలో ఎండ కోసం. పొట్ట నలుపు, తిరిగొచ్చేటప్పటి మంట కోసం. అందరూ ముక్కు ముందు ఫొటో దిగుతారు గానీ, వంగి పొట్ట చూడాలి. అక్కడున్నవి ఇసుకలోని సిలికాతో చేసిన పలకలు, ఒక్కోదానికీ ఒక్కో నంబరు. లోపల ఎక్కువ భాగం గాలే కాబట్టి 1,200 డిగ్రీల వేడిని కూడా లోహం దాకా పోనివ్వవు.

రెక్కల అంచులు మాత్రం బూడిదరంగు. అక్కడ వేడి ఇంకా ఎక్కువ కనుక కార్బన్ పలకలు పెట్టారు. కొలంబియా షటిల్ ఎడమ రెక్కకు సరిగ్గా ఆ అంచునే, పైకి లేచేటప్పుడు ఊడిపడిన నురుగు ముక్క తగిలి చిల్లు పడింది. 2003 ఫిబ్రవరి 1న తిరిగొస్తుండగా అందులోంచి వేడివాయువు దూరి కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ తర్వాత, 2005 జులైలో, మళ్లీ మొదట ఎగిరింది ఈ డిస్కవరీయే.

వర్జీనియాలో పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లు ఒక పూట దీనికి కేటాయించండి. ప్రవేశం ఉచితం.