శబ్ద కాలుష్యం: సగటు కొలతకు అందని రాత్రివేళ ఇబ్బంది

శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు 45 డెసిబెల్స్‌గా నిర్ణయించబడింది. ఇవి ఏదో ఒక క్షణాన మీటరు చూపే అంకెలు కావు. ఆ వ్యవధి మొత్తంలో వెలువడిన శబ్దశక్తికి సగటు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో 7 నగరాలలో ప్రారంభించిన నిరంతర పర్యవేక్షణ కూడా ఈ సగటులనే నమోదు చేస్తుంది. హైదరాబాద్ ఆ నగరాలలో ఒకటి.

నిద్రించే వ్యక్తి ఇబ్బంది మాత్రం సగటుకు అందదు. రాత్రంతా 42 డెసిబెల్స్ ఉండే వీధిలో 80 డెసిబెల్స్ హారన్ 3 సెకన్లు మోగినదనుకుందాం. 8 గంటల సగటు సుమారు 44కు మాత్రమే చేరుతుంది. రికార్డులో ఉల్లంఘన లేదు. వీధివారికి మాత్రం నిద్రాభంగం తప్పలేదు. అందుచేతనే నివాసుల చికాకును మీటరుతో గాక, గత 12 నెలల అనుభవాన్ని 0 నుండి 10 వరకు అంకెలలో చెప్పమని ప్రశ్నించి అంచనా వేసే పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2003లో రూపొందించింది.

నిబంధనలూ ఈ లోపాన్ని కొంత పూరించాయి. ప్రమాణాన్ని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి అతిక్రమించినప్పుడు పౌరులు అధీకృత అధికారికి ఫిర్యాదు చేయవచ్చును. అయితే నివాస ప్రాంతాలలో రాత్రివేళ, అత్యవసర పరిస్థితులలో తప్ప, హారన్ మోగించుట 2010 సవరణ ద్వారా నిషేధించబడినది. ఈ రాత్రి నిషేధాల ఉల్లంఘనపై ఫిర్యాదుకు 10 డెసిబెల్స్ షరతు వర్తించదు.