టాటూ రంగు చర్మం దాటి ఎక్కడికి పోతుంది?

టాటూ వేయించుకుంటే రంగు చర్మంలోనే ఉండిపోతుందని అనుకుంటాం. అలా ఉండదని 2017లో ఫ్రాన్స్, జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. కంటికి కనిపించని రేణువులను ఎలా పట్టుకున్నారు?

ఎక్స్-రే తగిలితే పరమాణువు లోపలి ఎలక్ట్రాన్ ఒకటి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోకి పైనున్న ఎలక్ట్రాన్ దిగుతూ మరో ఎక్స్-రేను వదులుతుంది. దాని శక్తి ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది, మనుషుల వేలిముద్రల్లాగే. ఇదే ఎక్స్-రే ఫ్లోరోసెన్స్.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం ఉంది. అక్కడ ఎక్స్-రే కిరణాన్ని వెంట్రుక మందంలో వెయ్యో వంతు కంటే సన్నగా చేయగలరు. టాటూలున్న, చనిపోయిన దాతల కణజాలాన్ని అలాంటి కిరణాలతో చుక్కచుక్కగా చూశారు. చర్మంలో పెద్దవీ చిన్నవీ రేణువులు కనిపించాయి. రోగాలతో పోరాడే లింఫ్ గ్రంథుల్లో మాత్రం ఎక్కువగా నానో రేణువులే దొరికాయి. తెల్లరంగుకు వాడే టైటానియం డయాక్సైడ్ కూడా అందులో ఉంది.

దీనివల్ల ఫలానా జబ్బు వస్తుందని ఈ పరిశోధన తేల్చలేదు. కానీ రంగు ఒంట్లో ప్రయాణిస్తుందని తేల్చింది. ఇంట్లో పిల్లలెవరైనా టాటూ అంటే, సూది శుభ్రంగా ఉంటే చాలదని చెప్పండి. ఆ రంగులో ఏం కలిపారో కూడా అడగమనండి.