కాలు మాట వినని వేళ

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల మెట్టపొలములలో మాఘ ఫాల్గుణ మాసములందు మిరపకల్లములు ఎఱ్ఱబారియుండగా, ప్రొద్దుటినుండి గొంతుకూర్చుండి తాలుకాయల నేరుచుండిన స్త్రీ యొకతె సాయంకాలమున లేచి నాలుగడుగులు వేయబోయి, పాదము పైకి లేవక, బొటనవ్రేలు గట్టుకు తగిలి తూలిపడినచో, చుట్టునున్నవారు “తిమ్మిరెక్కింది, కాసేపటికి సర్దుకుంటుందిలే వదినా” అని తేలికపఱతురు. తిమ్మిరి నిమిషములలో వదలును. మఱునాటికిని పాదము వ్రేలాడుచునే యున్నచో నరము దెబ్బతిన్నదని తెలియవలెను.

మోకాలికి వెలుపలిప్రక్క, కొంచెము దిగువను, చేతికి తగులు నెముకబుడిపె యొకటి కలదు. పాదమును పైకెత్తు కండరములకు ఆజ్ఞలు గొనిపోవు నరము ఆ బుడిపె క్రింద నెముకను చుట్టుకొని, పైని చర్మము తప్ప చెప్పుకోదగిన రక్షణ లేక, పోవుచుండును. గంటలకొలది మోకాళ్లు మడచి కూర్చున్నప్పుడు ఆ నరము నొక్కుకొని పైపొర చెడి తన పని మానును. చెడినది పైపొర మాత్రమే యైనచో కొన్ని వారములలో నది మరల నేర్పడును. లోని తంతువే తెగినచో దినమునకు సుమారొక మిల్లీమీటరు చొప్పున పెరుగుచు రావలెను గనుక నెలలు పట్టును. పీటమీద కూర్చుండుట, నడుమనడుమ లేచి తిరుగుట: ఇంతకన్న చౌకయైన నివారణోపాయము లేదు, కూలి లెక్కగట్టు చోట లేచి తిరుగుట యెంత కష్టమో చెప్పుటకు మాత్రము వైద్యులు మఱతురు.

రెండు పాదములును మండుచు, సూదులు గ్రుచ్చినట్లుండి, “దూది మీద నడిచినట్టుంది” అని పత్తిరైతే చెప్పునప్పుడు మూలము వేఱు. ఎక్కువగ నది మధుమేహము, కొన్నియెడల బి12 విటమిను కొఱత. పొడవైన నరముల కొనలు మొదట చెడును గాన వ్యాధి కాలివ్రేళ్ల నారంభించి పైకి ప్రాకును. ఇట్టివారికి చెప్పు జాఱిపోయినను తెలియదు. అరికాళ్లు పంపవలసిన వార్తలను కన్నులే పంపుచున్నందున పగలు బాగుగ నడతురు. మొగము కడుగుకొన కన్నులు మూసినంతనే తూలుదురు. కన్నులు మూయించి నిలువబెట్టి చూచు పరీక్ష 19వ శతాబ్దమున బెర్లినునందలి రాంబెర్గను వైద్యుని పేర వెలసినది.

జగ్గయ్యపేటనుండి హైదరాబాదు బాటన కోదాడ చేరినచో పూర్వపు నల్లగొండ జిల్లా మొదలగును. అచ్చట కాళ్లకు వేఱొక బాధ బావినీటిలోని ఫ్లోరైడుతో వచ్చెను. మనదేశమున ఫ్లోరైడు వ్యాధిని 1937లో నెల్లూరు జిల్లా పల్లెలలో షార్ట్, పండిట్, రాఘవాచారి గార్లు వర్ణించిరి; నల్లగొండ రోగులను గూర్చి 1955లో సిద్దిఖీ యను వైద్యుడు వ్రాసెను. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పు ఫ్లోరైడు అంతకు మిక్కిలి యధికమై యేండ్లతరబడి శరీరమున చేరినచో, వెన్నెముక దళసరియై, దానిని బంధించు స్నాయువులును ఎముకలుగా మారి, వెన్నుపాముండు మార్గము ఇఱుకగును. అప్పుడు కాళ్లు బిఱ్ఱబిగిసి గడప దాటనీయవు. హైదరాబాదు నాడీశస్త్రవైద్యుడు డి. రాజారెడ్డిగారు వెన్నుపాముపై పడు ఈ యొత్తిడిని గూర్చి దీర్ఘకాలము పరిశోధించిరి. శస్త్రచికిత్సచే మార్గము విప్పవచ్చును గాని అదియు సులభము కాదు. నీటిలో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తొలగించుటకు నాగపూరునందలి ‘నీరి’ యను పరిశోధనసంస్థవారు కనిపెట్టిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. ఒక జిల్లాకు కీర్తి ఇట్లును వచ్చును!

నరముల మంటకు వాడు ప్రీగాబలిను, అమిట్రిప్టిలిను మాత్రలు మత్తును, తలతిరుగుటను కలిగింపవచ్చును. నొప్పికని మ్రింగిన మాత్రవలననే పడినవారు కలరు. అందుచే రాత్రివేళ దీపము వెలిగించి, మంచముపై కొంతసేపు కూర్చుండి లేవవలెను. ఊతకఱ్ఱను నీరసించిన కాలివైపున గాక రెండవచేత పట్టవలెను. మనవారిలో పలువురు దీనిని తలక్రిందుగ చేయుదురు. ఇక కాళ్ల నీరసముతోపాటు మూత్రము పట్టుతప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, బలమునకని సెలైను ఎక్కించుకొని ఊరకుండక, ఆనాడే విజయవాడకు పోయి వెన్నెముకను పరీక్ష చేయించుకొనవలెను.