తరాలు కలిస్తే పని ఎందుకు మెరుగవుతుంది? వాయేజర్ నుంచి నేర్చుకోవాల్సింది

2023 నవంబరులో వాయేజర్-1 నుంచి వచ్చే సమాచారం ఉన్నట్టుండి అర్థంపర్థం లేకుండా పోయింది. నాసా 1977 సెప్టెంబరు 5న ప్రయోగించిన ఈ వ్యోమనౌక అప్పటికి భూమికి దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడి నుంచి పంపిన ఆదేశం అక్కడికి చేరాలంటే అప్పట్లో సుమారు 22 గంటల 30 నిమిషాలు పట్టేది. జవాబు రావడానికి మళ్లీ అంతే సమయం. నౌకను తయారుచేసిన ఇంజినీర్లలో చాలామంది పదవీ విరమణ చేశారు, కొందరు ఇప్పుడు లేరు. నడుపుతున్న బృందంలో నౌక కంటే వయసులో చిన్నవారూ ఉన్నారు.

సమాచారాన్ని కూర్చి పంపే ఫ్లైట్ డేటా సిస్టమ్ అనే కంప్యూటర్‌లో ఒక చిప్ పాడైందని 2024 మార్చిలో వచ్చిన సంకేతాన్ని విశ్లేషించి తేల్చారు. దాని మెమరీలో సుమారు 3 శాతం చెడిపోయింది. ఆ భాగంలో ఉన్న ప్రోగ్రామ్ మొత్తాన్ని పెట్టేంత ఖాళీ మరెక్కడా ఒకేచోట లేదు. అందుకే దాన్ని ముక్కలు చేసి, వేర్వేరు చోట్ల ఉంచి, అన్నీ కలిసి పనిచేసేలా సరిచేశారు. ఏప్రిల్ 18న ఆదేశం పంపితే, 20న నౌక తన స్థితిగతులను మళ్లీ అర్థమయ్యేలా చెప్పింది. ఇలాంటి సమస్య ఎదురైనప్పుడల్లా ఈ బృందం దశాబ్దాల కిందటి పత్రాలను తిరగేయక తప్పదు. పెద్దలు రాసి ఉంచకపోతే చిన్నవారికి దారి లేదు.

పెద్దలు తేల్చినదాన్ని మళ్లీ అడిగితే

ఏడాది తర్వాత జరిగింది దీనికి తిరగేసిన కథ. నౌక యాంటెన్నా ఎప్పుడూ భూమి వైపే ఉండేలా చూసే ప్రధాన థ్రస్టర్లు 2004లో ఆగిపోయాయి. వాటిలోని రెండు హీటర్లు చెడిపోయాయనీ, ఇక బాగుచేయలేమనీ అప్పటి ఇంజినీర్లు నిర్ణయించి, బదులుగా ఉన్న థ్రస్టర్లకు మారారు. ఆ నిర్ణయం రెండు దశాబ్దాలు అలాగే ఉండిపోయింది. అయితే బదులు థ్రస్టర్ల ఇంధన గొట్టాల్లో మడ్డి పేరుకుపోతూ వచ్చింది. అవి 2025లోనే మూసుకుపోవచ్చన్న భయం మొదలైంది.

అప్పుడు బృందంలో కొత్త ఆలోచన వచ్చింది: హీటర్లు నిజంగా కాలిపోయాయా, లేక విద్యుత్ సరఫరాలో ఏదో ఒడిదొడుకు వచ్చి ఒక స్విచ్ తప్పు స్థానంలోకి మారిందా? సరిచూడటంలో ప్రమాదం ఉంది. హీటర్లు పనిచేయకముందే థ్రస్టర్లు మండితే చిన్నపాటి విస్ఫోటనం జరగవచ్చు. అయినా జాగ్రత్తగా లెక్కవేసి ఆదేశం పంపారు. 2025 మార్చి 20న హీటర్లు వేడెక్కాయి. 2004 నుంచి మూగగా ఉన్న థ్రస్టర్లు మళ్లీ పనిచేశాయి.

మొదటి ఘటనలో పెద్దల జ్ఞానం కాపాడింది. రెండో ఘటనలో దాన్ని ప్రశ్నించడం కాపాడింది. ఒక పనిచోట తరాలు కలిసి ఉండటం వల్ల వచ్చే బలం ఈ రెండూ కలిసినదే.

మెదడు ఏ వయసులో దేనిలో చురుకు?

దీనికి మనోవిజ్ఞానంలో వివరణ ఉంది. కొత్త చిక్కుముడిని వేగంగా విప్పే సామర్థ్యాన్నీ, ఏళ్ల తరబడి పోగైన జ్ఞానాన్నీ రేమండ్ కాటెల్ వేర్వేరు ప్రజ్ఞలుగా చూశాడు. మొదటిది యవ్వనం తర్వాత మెల్లగా తగ్గుతుంది. రెండోది చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది. 48 వేల మందికి పైగా పాల్గొన్న 2015 నాటి అధ్యయనం దీన్ని ఇంకా వివరంగా చూపింది. సమాచారాన్ని గ్రహించే వేగం టీనేజీ చివర్లో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. పదసంపద మాత్రం అరవైల చివర్లోనో, డెబ్బైల మొదట్లోనో ఆ స్థాయిని అందుకుంటుంది. అన్ని సామర్థ్యాలూ ఒకేసారి శిఖరాన ఉండే వయసంటూ లేదు.

లోటును అనుభవం ఎలా పూడుస్తుందో 1984లో టిమోతీ సాల్ట్‌హౌస్ టైపిస్టులపై చేసిన పరిశోధన చెబుతుంది. వయసు పెరిగినవారి వేళ్ల స్పందన నెమ్మదించినా టైపింగ్ వేగం తగ్గలేదు. కారణం, వారు కొట్టబోయే అక్షరాలను యువతకంటే మరింత ముందుగానే చదివేస్తున్నారు.

బల్ల, కుర్చీ, నేల మార్చితే

కలిసి పనిచేయాలంటే పనిచోటు కూడా అనుకూలించాలి. జర్మనీలోని డింగోల్ఫింగ్ కర్మాగారంలో బీఎండబ్ల్యూ 2007లో ఒక ప్రయోగం చేసింది. పదేళ్ల తర్వాత ఉండబోయే సగటు వయసు 47 ఏళ్లు అని అంచనా వేసి, ఆ వయసు సగటుగా ఒక అసెంబ్లీ లైన్‌ను నింపింది. ఏం ఇబ్బందిగా ఉందో కార్మికులనే అడిగింది. గట్టి నేలకు బదులు చెక్క నేల వేశారు. కూర్చుని పని చేసేందుకు కుర్చీలు, చిన్న భాగాలను పెద్దగా చూపే భూతద్దాలు, మధ్యమధ్యలో పని మార్పు, సాగదీసే వ్యాయామాలు వచ్చాయి. ఇలా సుమారు 70 చిన్న మార్పులు జరిగాయి. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. ఒంటి నొప్పిని తగ్గించే ఏర్పాటు యువ కార్మికుడికీ మేలే.

మన కార్యాలయాల్లో

పదవీ విరమణ వయసును కేంద్ర ప్రభుత్వం 1998లో 60కి, తెలంగాణ 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. దీంతో ఒకే గదిలో ఇరవైల వారూ అరవైల వారూ కలిసి పనిచేసే రోజులు పెరిగాయి. అయితే వయసు పెంచినంత మాత్రాన అనుభవం చేతులు మారదు. బస్ డిపోలో ఇంజిన్ శబ్దం విని లోపం చెప్పే మెకానిక్ తెలివి ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. ఆయన రిటైరయ్యే ముందు రోజు శాలువా కప్పితే అది మిగలదు. పక్కన ఒక కుర్రవాడు ఏడాదైనా నిలబడి చూడాలి, తప్పు చేయాలి, అడగాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. పెద్దవారినీ చిన్నవారినీ ఒకే పనికి జతగా వేయడం, ఏం చేశారన్నది మాత్రమే కాక ఎందుకు అలా చేశారో కూడా రాయించడం, కొత్త సాఫ్ట్‌వేర్‌ను చిన్నవారి నుంచి పెద్దవారు నేర్చుకునే సమయం కేటాయించడం చాలు. అన్నింటికన్నా కష్టమైనది మరొకటుంది. ‘సార్, అప్పుడు తేల్చింది ఇప్పుడూ నిజమేనా?’ అని జూనియర్ అడిగితే, అది ధిక్కారంగా కాక పనిలో భాగంగా వినిపించాలి. వాయేజర్ బృందంలో ఆ ప్రశ్న అడగకపోతే, పనికొచ్చే థ్రస్టర్లు పనికిరానివిగానే మిగిలిపోయేవి.