58 రూపాయల పాట

ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ షేరు 2009 జనవరి 7 సాయంత్రానికి 40కి పడిపోయింది. కారణం ఒక ఉత్తరం. విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీలో బీకాం చదివి, 1987లో ఆ కంపెనీ పెట్టిన రామలింగరాజు, లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని బోర్డుకు రాసిచ్చారు. గవర్నర్‌పేటలో ఆ షేర్లు కొని దాచుకున్న వ్యాపారికీ, కొడుకు సత్యంలో చేస్తున్నాడని గర్వంగా సంబంధాలు చూస్తున్న గుడివాడ వైపు రైతుకూ ఒక్కరోజులో కాళ్ల కింద నేల కదిలింది.

ఆ ఉత్తరంలో జనం అంతగా గుర్తుపెట్టుకోని సంగతి ఒకటుంది. ప్రమోటర్ల చేతిలో వాటా తక్కువ. ఫలితాలు బాగాలేవంటే ఎవరో ఒకరు వచ్చి కంపెనీని స్వాధీనం చేసుకుంటారనీ, అప్పుడు లెక్కల్లోని గొయ్యి బయటపడుతుందనీ రాజు భయపడ్డారు. గొయ్యి పూడ్చడానికి ఆయన ఎంచుకున్న దారి కూడా కంపెనీల కొనుగోలే. 2008 డిసెంబర్ 16న, లేమన్ బ్రదర్స్ కూలి ప్రపంచమంతా నగదును గుప్పిట్లో బిగించిన వేళ, తన కుటుంబానికే చెందిన స్థిరాస్తి, నిర్మాణ సంస్థలైన మేటాస్ కంపెనీలను 1.6 బిలియన్ డాలర్లకు సత్యం కొంటుందని ప్రకటించారు. అదే రోజు న్యూయార్క్‌లో సత్యం షేరు సగానికి పైగా పడింది. పెట్టుబడిదారులు మండిపడ్డారు. గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. ఆ రోజు వాళ్లు గట్టిగా అడ్డం తిరగకపోతే బూటకపు నగదు స్థానంలో భూములు చేరి, మోసం ఇంకెన్నేళ్లు సాగేదో!

తర్వాత జరిగినదాన్ని మనం మరింత శ్రద్ధగా చదవాలి. కేంద్రం పాత బోర్డును తీసేసి కిరణ్ కార్నిక్, దీపక్ పారేఖ్ వంటివారిని కూర్చోబెట్టింది. జీతాలు ఆగకూడదు, క్లయింట్లు జారిపోకూడదు. అందుకే ముందు బ్యాంకుల దగ్గర అప్పు పుట్టించి, ఆ వెంటనే కంపెనీని బహిరంగ వేలానికి పెట్టారు. మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షించారు. ఏప్రిల్ 13న సీల్డ్ కవర్లు విప్పితే టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు, ఎల్ అండ్ టీ 45.90, అమెరికాకు చెందిన విల్బర్ రాస్ సంస్థ 20 రూపాయలు వేశాయి. అత్యధిక ధరలో కనీసం 90 శాతం వేసినవారు ఇంకెవరైనా ఉంటే మళ్లీ పాట పెట్టాలన్నది నిబంధన. ఎవరూ లేరు. మొదటి పాటకే ఖాయమైంది.

31 శాతానికి 1,757 కోట్లు. ఈ సొమ్ము పాత యజమానుల జేబుల్లోకి పోలేదు. కొత్త షేర్లు జారీచేశారు కాబట్టి నేరుగా కంపెనీ ఖజానాకే చేరింది. రక్తం కారుతున్న సంస్థకు అప్పుడు కావలసింది అదే.

మన దగ్గర అరెకరం కొనేవాడు కూడా ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, సర్వేయర్‌తో హద్దులు కొలిపిస్తాడు. టెక్ మహీంద్రాకు చూసుకోవడానికి సత్యం దగ్గర నమ్మదగిన లెక్కల పుస్తకమే లేదు. సరిదిద్దిన ఖాతాలు బయటికొచ్చింది 2010 సెప్టెంబర్‌లో. అయినా ఎందుకు సాహసించింది? దాని ఆదాయంలో ఎక్కువ భాగం బ్రిటిష్ టెలికం ఒక్కదాని మీదే ఆధారపడి ఉండేది. సత్యంలోనేమో పలు రంగాల క్లయింట్లు, వేలమంది ఇంజనీర్లు. లెక్కలు దొంగవైనా పని దొంగది కాదు. మంచి రోజుల్లో అంత పెద్ద కంపెనీ తనకన్నా చిన్న సంస్థ చేతికి దక్కేదే కాదు. మార్కెట్ పడినప్పుడు కొనడమంటే చౌకగా ఏరుకోవడమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ గెలిచింది మాత్రం అందరికన్నా ఎక్కువ ధర పెట్టినవాడే.

నొప్పి లేకుండా ఏదీ జరగలేదు. వేలమంది ఉద్యోగులను తగ్గించిన జీతంతో 'వర్చువల్ పూల్' అని పక్కన కూర్చోబెట్టారు. ఈఎంఐలు కట్టాల్సిన పిల్లలకు ఆ నెలలు ఎలా గడిచాయో ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు. అమెరికాలో వాటాదారుల దావాకు సత్యం 2011లో 12.5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

2013 జూన్‌లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. అప్పటికి టెక్ మహీంద్రా షేరు ధర వెయ్యికి అటూఇటూ. 2008 మే నెలలో 500 చొప్పున 17 షేర్లు కొన్న మనిషి పెట్టింది 8,500, అయిదేళ్ల తర్వాత చేతికొచ్చింది సుమారు 2,000. జనవరి 7న భయపడి 40కే అమ్ముకున్నవాడికి వచ్చింది 680.